నరం దొరకనప్పుడు ఏ గొట్టం?

‘నరం దొరకట్లేదు!’ క్యాజువాల్టీలో ఈ మాట మీరూ వినే ఉంటారు. వైద్య పరికరాల రంగంలో నా మొదటి ఇంటర్వ్యూ దీని దగ్గరే పోయింది. ‘అలాంటి రోగికి ఏ క్యాథెటర్‌ మేలు?’ అని అడిగారు. ‘పొడవైనదే’ అనేశా ఠక్కున. తప్పు!

ఫ్లూయిడ్‌ మెకానిక్స్‌ గుర్తుందా? గొట్టం పొడవు రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. వ్యాసార్ధం సగమైతే 16వ వంతుకు పడిపోతుంది. రక్తం కారిపోతున్న మనిషికి పొడవాటి సన్నని గొట్టంతో లాభమేంటి?

మరి ఏది ఎప్పుడు?

* మామూలు కాన్యులా: పొట్టిది, వేగంగా ఎక్కిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ లోతు నరంలోకీ పెట్టొచ్చు. కానీ లోపల కొద్ది భాగమే ఉంటుంది కాబట్టి జారిపోవచ్చు.
* పొడవు కాన్యులా: లోతు నరంలో ఎక్కువసేపు నిలుస్తుంది.
* మిడ్‌లైన్‌: పైచేతి నుంచి చంక దాకా వెళ్తుంది. మందులు రోజుల తరబడి కావాలంటే ఇదే నయం. నరాన్ని దెబ్బతీసే మందులకు మాత్రం వద్దు.
* సెంట్రల్‌ లైన్‌: అలాంటి మందులకు ఇదే దారి. ఇన్‌ఫెక్షన్‌ ముప్పు ఉంటుంది.
* ఇంట్రాఆసియస్‌: ప్రాణం మీదికొస్తే నేరుగా ఎముక మజ్జలోకే సూది. సాధారణంగా 24 గంటల్లోపు తీసేస్తారు.

అంటే జవాబు కంటే ముందు నేను మూడు ప్రశ్నలు అడగాల్సింది: ఎంత తొందర? ఏ మందు? ఎన్ని రోజులు?

విశాఖ మెడ్‌టెక్‌ జోన్‌లోనో, సుల్తాన్‌పూర్‌ వైద్య పరికరాల పార్కులోనో ఉద్యోగం వెతుకుతున్నారా? స్పెసిఫికేషన్లు బట్టీ పట్టకండి. మంచం మీదున్న మనిషి నుంచి ఆలోచన మొదలుపెట్టండి.