పిల్లిపెసర - పశువుకు మేత, పొలమునకు ఎరువు

కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా వరి కోసిన పిమ్మట, దాళ్వాకు నీరందని మాగాణి వట్టిగా ఎండి బీటలు వారును. అదే కాలమున పశువులకు వరిగడ్డి తప్ప పచ్చిమేత దొరకుట కష్టము. వరిగడ్డిలో మాంసకృత్తులు చాల తక్కువ. అందుచే పాడి తగ్గును, ఎద్దులు చిక్కిపోవును. ఈ రెండు లోపములను తీర్చు పైరు పిల్లిపెసర.

చల్లుట: వరికోతకు మూడు, నాలుగు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే ఎకరాకు 6 నుండి 8 కిలోల విత్తనము సమముగా చల్లవలెను. నీరు నిలిచినచో గింజ కుళ్లును. పదును ఆరినచో మొలక పలుచనగును. యంత్రముతో కోయించువారు ముందుగా చల్లరాదు. మొలకలు చక్రముల క్రింద నలిగిపోవును. వారు కోత కాగానే చల్లి, తేలికగా దున్నవలెను.

మేపుట: పైరు నేలను కప్పిన తరువాత కోసి వేయవచ్చును, మేపవచ్చును, మరల చిగుర్చును. అయితే ఆకలిగొన్న పశువును మంచుతో తడిసిన చేనిలోనికి విడువరాదు. కడుపు ఉబ్బి ప్రాణాపాయము కలుగవచ్చును. ముందు కొంత వరిగడ్డి వేసి, మంచు ఆరిన పిదప కొద్దిసేపే మేపి, దినదినము ఆ కాలమును పెంచవలెను.

ఎరువు: ఈ పైరు వేళ్లపై గల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు అందించును. అందులో అధికభాగము ఆకులలోను, తీగలలోను చేరును. కనుక పైరునంతయు మేపివేసి, పేడను ఇంటివద్ద పిడకలు చేసినచో పొలమునకు మిగులునది స్వల్పము. పిల్లిపెసర వేసినను వరిలో గుణము కనబడకపోవుటకు ఇది యొక కారణము. ఒకటి రెండు మారులు మేపి, మరల చిగుర్చనిచ్చి, పూతదశలో నేలలో కలియదున్నవలెను. వేసవిలో నేల గట్టిపడిన చోట, తొలకరికి చిగిర్చిన పైరును నాట్లకు పది, పదునైదు దినముల ముందు దమ్ములో త్రొక్కించవలెను. మేపినదానికి బదులుగా ఆ పశువుల పెంటను ఆ పొలమునకే చేర్చవలెను.

ఊరి కట్టుబాటు: కోతలు కాగానే పశువులను విడుచు ఊళ్లలో ఒక్క రైతే చల్లినచో, ఊరి పశువులన్నియు ఆ చేనిమీదనే పడును. మరుసటి ఏడు అతడు చల్లడు. కావున ఏ దిక్కున చల్లుదురో, ఏ దిక్కున పశువులను విడుతురో, కాపలా ఖర్చు ఎట్లు పంచుకొందురో కోతలకు ముందే పంచాయతీలో నిర్ణయించుకొనవలెను. గ్రామాధికారులు ఇందుకు పూనుకొనవలెను. ప్రతి రైతు ఒక మూల కొన్ని సెంట్లు మేపక, దున్నక విత్తనమునకు విడిచినచో, వచ్చే ఏటికి గింజ కొనవలసిన పని ఉండదు.