కోట్లు పోస్తే కూత రాదు

మూడు సీజన్లు అట్టడుగున పడి ఉన్న తెలుగు టైటాన్స్ మళ్లీ ఎలా లేచింది? ఇంకా ఏం మిగిలింది?

66 మ్యాచ్‌లు ఆడితే 5 గెలుపులు, 56 ఓటములు. మిగిలిన అయిదూ టై. ప్రో కబడ్డీ లీగ్‌లో 8, 9, 10 సీజన్లలో తెలుగు టైటాన్స్ లెక్క ఇది. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానమే. ఎనిమిదో సీజన్‌లోనైతే ఒక్కటంటే ఒక్క గెలుపు. అదే జట్టు 2025 అక్టోబర్ 29న ఢిల్లీలో, ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఫైనల్ అన్నంత దూరంలో నిలబడింది.

ఈ సంగతిని గచ్చిబౌలి స్టేడియం నుంచి కన్నా కేసముద్రం నుంచి చూడటం మేలు. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో, కాజీపేట - విజయవాడ రైలు దారి మీద ఉన్న మార్కెట్ ఊరు ఇది. మక్కలకు, మిర్చికి, పసుపుకు ధర ఎలా పలుకుతుందో ఇక్కడి జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుప్ప పైన మెరిసే నాలుగు కాయలు చూసి పాట పెంచిన వ్యాపారి, బస్తా అడుగు చూశాక ఎలా మొహం పెడతాడో యార్డులో అందరికీ తెలుసు. టైటాన్స్ యజమానులు చాన్నాళ్లు ఆ వ్యాపారి పనే చేశారు.

మొదట్లో ఇలా లేదు. 2014లో లీగ్ మొదలైనప్పుడే ఈ జట్టు ఉంది. వీరా స్పోర్ట్స్ యాజమాన్యం, శ్రీనివాస్ శ్రీరామనేని ముందుండి నడిపించారు. రాహుల్ చౌదరి కూతకెళ్తే జనం ఊగిపోయేవాళ్లు. 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో సీజన్ సెమీఫైనల్. ఆ తర్వాత మెల్లగా జారుడు మొదలైంది. ఆరు సీజన్లు ఆడిన రాహుల్ వెళ్లిపోయాడు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలకు కొన్నారు. ఆ వేలంలో అదే పెద్ద ధర. జట్టు పదకొండో స్థానంలో తేలింది. ఎనిమిదో సీజన్‌కూ కోటికి పైగా పెట్టి అతన్నే అట్టిపెట్టుకున్నారు. కొద్ది మ్యాచ్‌లకే గాయపడి కూర్చున్నాడు.

పాఠం అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. పదో సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టారు. లీగ్ చరిత్రలో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. ఒక్కో జట్టు ఖర్చు పెట్టగలిగిన మొత్తమే అయిదు కోట్లు. అంటే ఒక్కడికే సగం పైన పోయింది. మిగతా జట్టంతటికీ మిగిలింది 2 కోట్ల 40 లక్షల లోపే. పవన్ తన పని తాను చేశాడు, 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు 19 మ్యాచ్‌లు ఓడింది.

ఎందుకలా? కబడ్డీ తీరే అంత. కూతకెళ్లినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. తనవాళ్లు అవతలి జట్టులో ఒకణ్ని ఔట్ చేసేదాకా లోపలికి రాలేడు. రెండున్నర కోట్ల ఆటగాడైనా అంతే. అతన్ని లేపాలంటే రెండో రైడర్ కావాలి, మూలన కాలు పట్టేవాడు కావాలి, కవర్‌లో నడుము పట్టేవాడు కావాలి. అట్లా లేపేవాళ్లు లేని జట్టులో ఎంత పెద్ద వీరుడైనా బెంచీ మీద కూర్చుని మ్యాచ్ చూడాల్సిందే. క్రికెట్‌లో ఒక్కడు సెంచరీ కొట్టి గట్టెక్కించొచ్చు. ఇక్కడ ఆ వీలు తక్కువ.

డబ్బు పోస్తే గెలుపు వస్తుందా అన్న చర్చ అమెరికా బేస్‌బాల్‌లో ఎప్పటినుంచో ఉంది. అక్కడ జీతాలకు గట్టి పరిమితి లేదు, జరిమానా పన్ను కట్టుకుంటూ ఎంతైనా పెట్టొచ్చు. న్యూయార్క్ మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ 2023లో రికార్డు స్థాయిలో జీతాలిచ్చి, ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ వరసగా మూడేళ్లు, ఏడాదికి వందకు పైగా మ్యాచ్‌లు ఓడుతూనే కుర్రాళ్లను పెంచుకుని 2017లో టైటిల్ కొట్టింది. ఆ ఏడాదే అవతలివాళ్ల సైగలు దొంగచాటుగా పట్టారని తర్వాత బయటపడి పరువు పోయిందనుకోండి, అది వేరే కథ. అక్కడ ఓడిన జట్లకు కొత్త కుర్రాళ్ల ఎంపికలో ముందు వరస దొరుకుతుంది. మన కబడ్డీ వేలంలో ఓడినందుకు అలాంటి ఊరట లేదు. కాబట్టి ఎంత పెట్టామన్నదాని కన్నా ఎవరెవరి మధ్య పంచామన్నదే తేలుస్తుంది.

మార్పు పదకొండో సీజన్‌లో మొదలైంది. ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిన కృష్ణకుమార్ హుడాను కోచ్‌గా తెచ్చారు. నా దృష్టిలో టైటాన్స్ ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చులన్నిటిలోకీ సార్థకమైంది ఇదే. ఆ ఢిల్లీ జట్టుకు ఫైనల్లో 14 పాయింట్లు తెచ్చిన విజయ్ మలిక్ కూడా వచ్చాడు. పవన్‌ను కోటీ 72 లక్షల 50 వేలకు నిలుపుకొన్నా, అతను గాయపడ్డప్పుడు విజయ్, ఆశిష్ నర్వాల్ బరువు మోశారు. 22 మ్యాచ్‌లలో 12 గెలిచి ఏడో స్థానం. ప్లేఆఫ్స్ వెంట్రుకవాసిలో తప్పింది.

పన్నెండో సీజన్‌కు పవన్‌ను వదిలేశారు. అది ధైర్యం. తమిళ్ తలైవాస్ అతన్ని 59 లక్షల 50 వేలకే తీసుకుంది. టైటాన్స్ 80 లక్షలకు పైగా పెట్టి భరత్ హుడాను కొంది, విజయ్‌ని కెప్టెన్ చేసింది. 2025 ఆగస్టు 29న విశాఖలో మొదటి మ్యాచ్, అదీ పవన్ కొత్త జట్టు మీదే, 35-38తో పోయింది. ‘అయిపోయింది, మళ్లీ పాత కథే’ అనుకున్నవాళ్లు తక్కువమందేం కాదు. లీగ్ దశ ముగిసేసరికి టైటాన్స్ మొదటి నాలుగు జట్లలో ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్. బెంగళూరు బుల్స్ మీద 37-32, పట్నా పైరేట్స్ మీద 46-39. తర్వాత పుణెరి పల్టన్ మీద ఆరంభంలో పైచేయి సాధించి కూడా 45-50తో ఓడింది. ఆ ఓటమికి బాధపడ్డా, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అయితే పేర్లు చదవండి. విజయ్ మలిక్, భరత్, అంకిత్, అజిత్ పవార్, శుభమ్ షిండే. హరియాణా, మహారాష్ట్ర పేర్లే వరస కడతాయి. తెలుగు పేరున్న జట్టులో తెలుగు కుర్రాడి కోసం వెతుక్కోవాలి. ఊళ్లలో ఆట లేక కాదు. సంక్రాంతి వచ్చిందంటే ముగ్గు పోసి గీతలు గీసిన మట్టి మీద పోటీలు జరుగుతూనే ఉంటాయి. కానీ లీగ్ ఆట మ్యాట్ మీద, బూట్లతో. మట్టిలో జారే కాలు అక్కడ పట్టేస్తుంది, మట్టిలో పనికొచ్చిన పట్టు అక్కడ జారుతుంది. ఇరవై ఏళ్లు వచ్చాక మొదటిసారి మ్యాట్ ఎక్కినవాడు, పదేళ్లుగా దాని మీదే ఆడిన హరియాణా కుర్రాడితో వేలంలో ఎట్లా పోటీ పడతాడు?

పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. కబడ్డీ మ్యాట్‌కు కావాల్సింది అంతే స్థలం. యజమానులకు, జిల్లా అధికారులకు అడిగేది ఒక్కటే: వచ్చే వేలానికి కోట్లు లెక్క పెట్టుకునే ముందు కేసముద్రం లాంటి ఊళ్లకు ఒక్కో మ్యాట్, ఒక్కో కోచ్‌ను ఇవ్వండి.