‘ఇంకా ఉంది’... ఎన్నాళ్లు?

గుహలోంచి గర్జన వినిపించింది. వీరుడు కత్తి దూశాడు. చీకట్లో రెండు కళ్లు నిప్పుల్లా మెరిశాయి. ఆ తర్వాత? బ్రాకెట్లో రెండే మాటలు... ఇంకా ఉంది! ఆ మాటలకీ తర్వాతి పేజీకీ మధ్య దూరం ముప్ఫై రోజులు. ఒకప్పుడు తెలుగిళ్లలో పిల్లలంతా లెక్కపెట్టుకుంటూ దాటిన దూరమే అది. ఇప్పటి పిల్లలకీ ఆ అవస్థ తప్పలేదు. పుస్తకం మారింది, ఎదురుచూపు మాత్రం మారలేదు.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. జపాన్‌లో అప్పుడే సోమవారం మొదలవుతుంది. అక్కడి వారపత్రిక ‘షోనెన్ జంప్’లో వచ్చే బొమ్మల కథల కొత్త భాగాలు ఆ వేళకే ‘మాంగా ప్లస్’ యాప్‌లోకి ఇంగ్లిషులో వచ్చేస్తాయి. 2019లో ఆ యాప్ మొదలైనప్పటి నుంచీ ఎక్కడో అమెరికా కుర్రాడూ మన ఇబ్రహీంపట్నం కుర్రాడూ ఒకే నిమిషంలో ఒకే పేజీ చదవొచ్చు. తీరా ఫోను తెరిస్తే ‘ఈ వారం విరామం’ అని కనిపించిందనుకోండి... అన్నం సహించదు. అమ్మ పిలిస్తే విసుగు. ‘బొమ్మల పుస్తకం కోసం ఇంత బెంగేమిట్రా’ అని నాన్నకు నవ్వొస్తుంది. నవ్వేముందు ఆయన తన చిన్నతనాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. ఆయనకి గుర్తులేకపోతే తాతయ్యనడగాలి. ఎందుకంటే ఆ బెంగ ఆ ఇంటికి కొత్తేం కాదు. దాని పేరు చందమామ!

నెలకోసారే పౌర్ణమి

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు. తెలుగు, తమిళాలతో మొదలై తర్వాత్తర్వాత పన్నెండు భాషలకు పైగా విస్తరించింది. కాగితమ్మీద చూస్తే అది మద్రాసు పత్రికే. కానీ అందులోని వెన్నెల చాలావరకు కృష్ణా డెల్టాదే. చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే.

పుస్తకం మద్రాసులో అచ్చయి బెజవాడ చేరాలి. అక్కణ్నుంచి ఊళ్లకు రావాలి. ఇబ్రహీంపట్నం లాంటి ఊరికి బెజవాడ పదిహేను కిలోమీటర్ల పైచిలుకే. కానీ ఎదురుచూసే పిల్లలకి అదో ఖండాంతరం. వానలకు రైలు ఆలస్యమైనా, పోస్టుమాన్ సెలవు పెట్టినా కథ అక్కడే ఆగిపోయేది. నెల మారుతోందంటే చాలు, బడి నుంచి ఇంటికొచ్చే దారి కాస్తా పుస్తకాల కొట్టు మీదుగా తిరిగిపోయేది. ‘వచ్చిందా?’ అన్నది ప్రశ్న. ‘రేపు రా’ అన్నది జవాబు. ఆ ‘రేపు’ ఒక్కోసారి వారం దాకా సాగేది.

తీరా వచ్చాక ఇంకో యుద్ధం. పుస్తకం ఒకటి, చదివేవాళ్లు నలుగురు. అన్నయ్య ముందా, అక్క ముందా? నాన్నగారు భోజనమయ్యాక ‘ఒకసారి ఇలా ఇవ్వు’ అన్నారంటే ఇక ఆ పూటకి ఆశ వదులుకోవాల్సిందే. పిల్లల పత్రికని పెద్దలే ముందు చదివేసిన ఇళ్లకు లెక్కలేదు.

ఆ నెల గడిచేదెలా?

ఎదురుచూపును తట్టుకోడానికి అప్పటివాళ్లు రకరకాల దారులు కనిపెట్టుకున్నారు. మొదటిది, చదివిందే మళ్లీ చదవడం. బొమ్మల్లోని చెట్టూ పుట్టా కూడా కంఠతా వచ్చేసేవి. రెండోది, మధ్యలో ఆకలి తీర్చే చిరుతిళ్లు... బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి. అద్దె పుస్తకాల షాపులో పావలాకో అర్ధరూపాయికో దొరికేవి. మూడోది, ఇచ్చిపుచ్చుకోవడం. నీ దగ్గర పోయిన ఏడాది సంచికలుంటే నా దగ్గర బొమ్మరిల్లులున్నాయి.

అన్నిటికన్నా గట్టి ఉపాయం బైండింగు. సీరియల్ పేజీలను జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, అట్ట వేయించి దాచుకోవడం. నెలనెలా ముక్కలుగా తిన్న కథను ఒక్క విస్తట్లో వడ్డించుకున్నట్టు! ఇప్పుడు విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు ఆగి చూసేవాళ్లలో అలాంటి బైండు కోసం వెతికేవాళ్లూ ఉంటారు.

ఇక ఊరికే కూర్చోలేనివాళ్లకి ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలకు జంటగా వ్యాఖ్యలు రాసి పోస్టుకార్డు మీద పంపాలి. ఫలితం తర్వాతి సంచికల్లో. అంటే ఎదురుచూపు తీరడం కాదు, ఇంకోటి తోడైనట్టే!

బేతాళుడు నయం

చందమామలో ఎదురుచూపులు రెండు రకాలు. బేతాళ కథ ఒకటి. మూలంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయాక కూడా అదే పద్ధతిలో కొత్త కథలు రాయిస్తూ దశాబ్దాలపాటు నడిపారు. రాజు భుజాన శవం, ఓ కథ, ఓ చిక్కు ప్రశ్న, జవాబు, మళ్లీ చెట్టు మీదికి. 1952లో చందమామలో చేరిన శంకర్ గీసిన ఆ బొమ్మ చెరిగిపోని ముద్ర. ఈ కథలో ఓ సుఖముంది. చిక్కుముడి అదే నెలలో విడిపోతుంది. ప్రశ్న దగ్గర పుస్తకం మూసి, జవాబు తామే ఆలోచించి, తర్వాత సరిచూసుకున్న పిల్లలెందరో.

రెండోది అలా కాదు. సరిగ్గా ప్రాణం గొంతులోకి వచ్చినప్పుడే ఆగిపోయే జానపద సీరియల్. 1954లో ‘తోకచుక్క’తో మొదలై, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు... మొత్తం పన్నెండు. కేశవుడు, జయమల్లు ఏమయ్యారో, ఖడ్గవర్మ, జీవదత్తులు ఎలా బయటపడ్డారో తెలియాలంటే నెలాగాల్సిందే. ‘చిత్ర’ గీసిన బొమ్మలు ఆ ఉత్కంఠకు ఊపిరి పోసేవి. మాంత్రికుడి గడ్డం, మొసలి నోరు, కొండ అంచున వేలాడే వీరుడు... కథ మరిచినవాళ్లకీ బొమ్మ గుర్తుంటుంది.

ఈ సీరియళ్ల గురించి అభిమానులు చెప్పుకునే ముచ్చటొకటుంది. చక్రపాణికి ఈ మాయలూ మంత్రాలూ అంతగా నచ్చేవి కావట. వాటిని ఆపించి బంకించంద్రుడి నవలలను పిల్లలకు తగ్గట్టుగా రాయించి వేయించారట. పత్రిక అమ్మకాలు తగ్గాయట. దాంతో మాంత్రికులు మళ్లీ వచ్చేశారట! పాఠకుడు ఎదురుచూడటం మానేస్తే పత్రికకి ఏమవుతుందో చెప్పే కథ ఇది.

1978లో చిత్ర కన్నుమూశారు. భల్లూక మాంత్రికుడి తర్వాత ఆ వరసలో కొత్త సీరియల్ రాలేదు.

చందమామ రాని నెల

ఆలస్యం వేరు, ఆగిపోవడం వేరు. 1998లో చందమామ మొదటిసారి చాలాకాలం కనిపించకుండా పోయింది. ఏడాది పైగా కొట్టువాడి దగ్గర ఒకే మాట. 1999 చివర్లో కొత్త యాజమాన్యంతో మళ్లీ వచ్చినప్పుడు పిల్లలకన్నా వాళ్ల తల్లిదండ్రులే ఎక్కువ సంబరపడ్డారు. 2007లో పత్రిక ముంబయి సంస్థ ‘జియోడెసిక్’ చేతికి వెళ్లింది. 2013కల్లా పూర్తిగా ఆగిపోయింది. అరవై అయిదేళ్ల పైగా నడిచిన పత్రిక చివరికి ఇంకా ఉందో లేదో కూడా చెప్పకుండానే మాయమైంది.

అప్పుడు అభిమానులు చేసిన పని గొప్పది. ఎదురుచూడటం మానేసి వెతకడం మొదలుపెట్టారు. అటకల మీద, చెక్కపెట్టెల్లో, పాత పుస్తకాల కొట్లలో దొరికిన సంచికలను సేకరించి, పేజీ పేజీ స్కాన్ చేసి నెట్‌లో దాచారు. లేని నెలల్ని ఒకరికొకరు అందించుకున్నారు. ఒకప్పుడు ముప్ఫై రోజులు ఆగి చదివిన భాగాలను ఇవాళ ఒక్క రాత్రిలో చదివేయొచ్చు. అయితే అలా గబగబా చదివితే ఆ రుచి ఉండదని మొదట ఒప్పుకునేది కూడా వాళ్లే!

రాసిందెవరు?

ఇన్నేళ్లు ఇంతమందిని ఎదురుచూసేలా చేసిన మనిషి ఎవరు? చిత్రం... చందమామ పిల్లల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేసేవారు కాదు. పుస్తకం ఎన్నో తేదీన వస్తుందో తెలిసిన పాఠకులకు, అది ఎవరి చేతిలోంచి వస్తోందో తెలియలేదు.

ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో 1932లో పుట్టారు. 1952లో చందమామలో చేరి, 2006 దాకా అక్కడే పనిచేశారు. అర్ధశతాబ్దానికి పైగా ఒకే బల్ల! ఆ పన్నెండు సీరియళ్లూ ఆయనవే. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. రాకాసిలోయ కోసం నెలల తరబడి కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్లలో ఎంతోమందికి ఆ కథలల్లిన మనిషి పేరు అప్పుడే తెలిసింది. ఇబ్రహీంపట్నం నుంచి సిటీ బస్సెక్కితే చేరేంత దూరంలోనే ఉన్నా, ‘అయ్యా, మీ కథ కోసం నిద్రపోలేదండీ’ అని చెప్పే అవకాశం అప్పటికి చేజారిపోయింది.

ఆ తర్వాత అభిమానుల పూనికతో ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. వాహిని బుక్ ట్రస్ట్ వాటిని వరసగా అచ్చువేసింది. ఈసారి అట్ట మీద రచయిత పేరుంది.

విరామం వెనక ఓ మనిషి

జపాన్ పాఠకులు ఈ పాఠాన్ని మరోలా నేర్చుకున్నారు. ‘హంటర్ హంటర్’ అనే బొమ్మల కథ 1998లో మొదలైంది. దాని రచయిత యోషిహిరో తొగాషికి తీవ్రమైన నడుంనొప్పి. 2018 నవంబరులో ఆగిన కథ 2022 అక్టోబరులో గానీ కదల్లేదు. నాలుగేళ్లు! మొదట్లో విసుక్కున్న అభిమానులే, ఆయన కూర్చోలేకపోతున్నాడని తెలిశాక ‘ఆరోగ్యం చూసుకోండి, ఆగుతాం’ అన్నారు. 2022లో ఆయన ట్విటర్‌లో తాను గీస్తున్న పేజీల మూలలు ఒక్కోటీ పెడుతుంటే లక్షలమంది పండగ చేసుకున్నారు.

‘బెర్సెర్క్’ కథ ఇంకా కదిలిస్తుంది. 1989 నుంచి దాన్ని గీస్తున్న కెంతారో మియురా 2021 మేలో యాభై నాలుగేళ్లకే చనిపోయారు. కథ సగంలో ఉంది. అయితే ముగింపు ఎలా ఉండాలో ఆయన ఏనాడో తన హైస్కూలు స్నేహితుడు కోజి మోరికి చెప్పి ఉంచారు. ఆ స్నేహితుడి పర్యవేక్షణలో మియురా శిష్యులు 2022 జూన్ నుంచి కథను మళ్లీ మొదలుపెట్టారు. బ్రాకెట్లోని ‘ఇంకా ఉంది’ ఒక్కోసారి స్నేహితుడి మాట మీద కూడా నిలబడుతుంది.

మీ ఇంట్లోనూ ఉన్నారా?

కొత్త భాగం రాలేదని మొహం వేలాడేసుకునే పిల్లలు మీ ఇంట్లోనూ ఉంటే ఇవి చేసి చూడండి.

• ‘తర్వాత ఏమవుతుంది?’ అని వాళ్లనే అడగండి. చెప్పింది రాయమనండి, బొమ్మలేస్తానంటే ఇంకా మంచిది. అసలు భాగం వచ్చాక రెండూ పోల్చుకుంటే ఆ సరదాయే వేరు.

• పూర్తయిన కథలు చేతికివ్వండి. దాసరి సీరియళ్లు, అమర్ చిత్ర కథలు ఎవరి కోసమూ ఆగవు.

• జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లండి. ఒక కథ ఆగితే పది దొరుకుతాయని వాళ్లకే తెలుస్తుంది.

• ఇంట్లో పెద్దవాళ్లు ఏ సీరియల్ కోసం ఎదురుచూశారో చెప్పించండి. ఫోను పక్కన పడేసి మరీ వింటారు.

• ఆ కథ రాసినవాళ్ల పేరు, గీసినవాళ్ల పేరు తప్పకుండా అడగండి. తెలియదంటే వెతకమనండి. నచ్చిందని ఓ నాలుగు మాటలు రాయించి పంపండి.

చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. ‘ఎప్పుడొస్తుంది?’ అని అడగడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. ‘ఎవరు రాశారు?’ అని అడగడం మాత్రం మనమే నేర్పాలి. ఎదురుచూపు ముప్ఫై రోజులైనా నాలుగేళ్లయినా తీరుతుంది. చెప్పాల్సిన కృతజ్ఞతని వాయిదా వేస్తే మాత్రం దానికి తరువాయి భాగం ఉండదు!