జూన్ 30 సాయంత్రం

ఏటా జూన్ 30న జరిగే వీడ్కోలు సభకు మన హాలులో కుర్చీలు చాలవు. మా తరంవారిలో అనేకులకు బడిలో చేర్చుకున్న మాస్టారే జూలై 1ని పుట్టినతేదీగా వేశారు. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల చివరి రోజుననే విరమించాలన్నది నిబంధన. కనుక ఆనాటి మాస్టారి సిరాచుక్కే ఈనాడు మమ్మల్ని ఒక్కుమ్మడిగా గేటు దాటిస్తున్నది.

విరమణ వయస్సయినా స్థిరమైనదా? కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1962లో 55 నుంచి 58కి, 1998లో 60కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో 58 నుంచి 55కి తగ్గించగా ఉద్యోగులు సమ్మెకు దిగారు. తరువాత 58 పునరుద్ధరింపబడి, 2014లో 60, 2022లో 62 అయినది. చేతిలోని సత్తువ మాత్రం ఉత్తర్వులను బట్టి పెరగదు, తరగదు.

మా విభాగంలో ఒక ఫోర్‌మన్ గారుండేవారు. స్క్రూడ్రైవరు మొనను బేరింగుపై ఆనించి, పిడిని చెవికి చేర్చి వినేవారు. మేము నవ్వుకునేవాళ్ళము. ఆయన విరమించిన మూడు నెలలకు ఒక కూలింగ్ వాటర్ పంపు సన్నగా మూలగసాగింది. మీటరు రీడింగు పరిమితిలోనే ఉన్నదని నడిపించాము. రాత్రి షిఫ్టులో బేరింగు పట్టేసింది, షాఫ్టు చెడింది. తప్పు మాదే.

సలహా కోసం కబురు చేయబోగా తెలిసింది, ఆయన ఆవరణలోనే ఉన్నారని. కాంట్రాక్టరు ఇచ్చిన పాసుతో, మునుపటి జీతంలో మూడో వంతుకు, పక్క షెడ్డులో వాల్వులు విప్పుతున్నారు. "అమ్మాయి పెళ్ళి అప్పు తీరలేదండీ" అన్నారు. 1995 పింఛను పథకంలో వేతనాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 2014లో నిర్ణయించిన 15,000 రూపాయల పరిమితిపై 35 ఏళ్ళకు లెక్క కట్టినా వచ్చేది 7,500. శాలువా కప్పి పంపినవారిని వెనుక గేటు నుంచి రప్పించుకొనుట మన సంస్థకు గౌరవమని మేము అనుకోము. ఆ అనుభవం కావలసినదే అయితే సలహాదారుగా పిలిచి, తగిన ప్రతిఫలమిచ్చి తీసుకొనవచ్చును కదా!

మాకింకా నాలుగేళ్ళున్నవి. వచ్చే జూన్‌లో విరమించే ప్రతి ఒక్కరి పక్కన ఇప్పటినుంచే ఒక యువ టెక్నీషియనును నియమించమని కోరి, మా విభాగం వరకు అనుమతి పొందాము. ఫోర్‌మన్ గారిని కూడా వారానికొక పూట, ఈసారి ముందు గేటు నుంచే, రప్పిస్తున్నాము. మొన్న ఒక కుర్రవాడు స్క్రూడ్రైవరు పిడిని చెవికానించి చాలాసేపు విన్నాడు. ఏమి వినిపించిందని అడిగితే, "ఇంకా తెలియడం లేదు సార్" అన్నాడు. ఫోర్‌మన్ గారు అతనిని రెండో పంపు వద్దకు తీసుకొనిపోయారు.