అంగట్లో డ్రాగన్ పిల్లలు – ఆన్‌లైన్ ఆటల్లో జీవుల బేరసారాలు



దసరా సెలవులకు ముందు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు మా గదికి వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా! నా దగ్గర డ్రాగన్ పిల్ల ఉంది. ఒకతను దానికి బదులు నాలుగు ఇస్తానంటున్నాడు. కానీ ముందు నాది ఇవ్వాలంట. ఇవ్వనా?" మేము మొదట నవ్వాము. తీరా వివరం కనుక్కుంటే ఆ పిల్ల సెల్‌ఫోన్ ఆటలోది. దానికోసం వాడు కాస్మెటిక్ చార్జీల డబ్బులు మూడు నెలలు దాచుకున్నాడు. మాకు ఆ సంగతులేమీ తెలియవు కాబట్టి "నీ ఇష్టం రా" అని పంపించేశాము. వాడు సెలవుల్లో నాన్న ఫోన్‌లో దాన్ని ఇచ్చేశాడు. అవతలివాడు మళ్లీ కనిపించలేదు.

ఆట పేరు ఇక్కడ అవసరం లేదు. తమ్ముడు అడిగినప్పుడు మేము సమాధానం చెప్పలేకపోయామన్నదే మా బాధ. అందుకే ఈ బేరాలు ఎలా జరుగుతాయో తెలుసుకొని, మీ అందరికీ తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆటలోని సంత

మన ఊళ్లలో పశువుల సంత చూడనివారు తక్కువ. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెబుతారు. నడిపించి చూస్తారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర మాట్లాడుకుంటారు. ఆన్‌లైన్ ఆటల్లోని సంత కూడా ఇంచుమించు ఇలాంటిదే. వేలమంది ఒకేసారి ఆడే ఆటల్లో అందరూ కలుసుకునే ఊరో, కూడలో ఒకటి ఉంటుంది. అక్కడ పోరాటాలు ఉండవు. కబుర్లు చెప్పుకుంటారు, తమ జీవులను పదిమందికీ చూపిస్తారు, బేరాలాడతారు. జీవి ఎంత అరుదైనది, ఎంత పెరిగింది, దానికి ఏ విద్యలు వచ్చు అన్నదాన్ని బట్టి ధర పలుకుతుంది.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. సంతలో కొన్న ఎద్దును మన కొట్టంలో కట్టేసుకుంటాం. ఆటలో కొన్న జీవి మాత్రం కంపెనీవారి కంప్యూటర్‌లో ఉండే ఒక లెక్క. ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఒకటి: వస్తుమార్పిడి

1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో 'పోకెమాన్' ఆటలు రెండు విడుదలయ్యాయి. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. వాటిని రూపొందించిన సతోషి తజిరి గారికి చిన్నప్పుడు పురుగులను పట్టి దాచుకోవడం సరదా. ఆ సరదానే ఆటగా మలిచారు. ఎరుపు ఆటలో దొరికే కొన్ని జీవులు ఆకుపచ్చలో దొరకవు, ఆకుపచ్చలోవి ఎరుపులో దొరకవు. అన్నీ కావాలంటే స్నేహితుడి గేమ్‌బాయ్‌ని తన గేమ్‌బాయ్‌తో కేబుల్‌ ద్వారా కలిపి మార్చుకోవాలి. కడాబ్రా, హాంటర్ వంటి కొన్ని జీవులైతే చేయి మారితేనే తర్వాతి రూపంలోకి ఎదుగుతాయి. అంటే ఇచ్చిపుచ్చుకుంటేనే ఇద్దరికీ లాభం వచ్చేలా ఆటను కట్టారన్నమాట.

2006 సెప్టెంబర్‌లో జపాన్‌లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటలతో ఈ మార్పిడి ఇంటర్నెట్‌లోకి వెళ్లింది. ఆటలోని ఊళ్లో ఒక మార్పిడి కేంద్రం పెట్టారు. మన జీవిని అక్కడ వదిలి, బదులుగా ఏ జీవి కావాలో రాసి వెళ్లవచ్చు. ప్రపంచంలో ఎక్కడో ఒకరు అది ఇచ్చి మనది తీసుకుంటారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ప్రతి పొదలోనూ దొరికే జీవిని వదిలి, ఎవరికీ దొరకని జీవిని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అటువంటి అడుగుళ్లు తీరేవి కావు, కేంద్రం వాటితోనే నిండిపోయేది. అర్థశాస్త్రం పాఠంలో వస్తుమార్పిడి పద్ధతి లోపం చదువుకున్నాం కదా! నా దగ్గర ఉన్నది నీకు కావాలి, నీ దగ్గర ఉన్నది నాకు కావాలి, రెండూ ఒకేసారి కుదరాలి. డబ్బు లేని సంతలో ఈ చిక్కు తప్పదు. ఇంకొక సంగతి. ఆ ఆటలు నడిచిన నింటెండో వారి పాత ఇంటర్నెట్ సేవను 2014 మే 20న నిలిపివేశారు. ఆరోజుతో ఆ కేంద్రం కూడా మూతపడింది. సంత తాళం చెవి ఎవరి చేతిలో ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

రెండు: వేలంపాట

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆట 2004 నవంబర్ 23న అమెరికాలో ప్రారంభమైంది. అందులో స్టార్మ్‌విండ్, ఆర్గ్రిమార్ అనే పెద్ద పట్టణాలున్నాయి. పట్టణంలో ఎప్పుడూ జనం కిటకిటలాడే చోట్లలో వేలంశాల ఒకటి. 2012 సెప్టెంబర్ 25 నుండి పెంపుడు జీవులకు పోటీలు పెట్టడం మొదలయ్యాక, చాలా జీవులను పంజరంలో పెట్టి అమ్మే వీలు కల్పించారు.

పద్ధతి ఇలా ఉంటుంది. అమ్మేవారు జీవిని వేలంశాలలో పెట్టి, పాట ఎంత నుంచి మొదలుకావాలో చెబుతారు. పాట లేకుండా నేరుగా కొనాలంటే ఎంత ఇవ్వాలో కూడా రాయవచ్చు. గడువు 12, 24 లేదా 48 గంటలు. ఎవరైనా పాట పెంచితే, అంతకు ముందు పాడినవారి బంగారు నాణేలు ఆటలోని పోస్టులో తిరిగి వచ్చేస్తాయి. అమ్ముడుపోతే వేలంశాల నూటికి 5 వంతులు తీసుకుంటుంది. అంటే 1000 నాణేలకు అమ్మితే చేతికి 950 వస్తాయి. 960కి కొని 1000కి అమ్మినవాడు లాభం వచ్చిందనుకుంటాడు గానీ నిజానికి 10 నాణేలు నష్టపోయాడు. ఈ చిన్న లెక్క వేయక నష్టపోయేవారు చాలామంది.

చాలాకాలం పాటు మిగిలిన గడువును గంటలు, నిమిషాల్లో చూపించేవారు కాదు. 'తక్కువ', 'మధ్యస్థం', 'ఎక్కువ' అని మాటల్లో చూపేవారు. సరిగ్గా ఆఖరి క్షణంలో దూరి పాట ఎగరేసుకుపోయేవారిని ఆపడానికి ఇది కొంత పనికొచ్చింది.

ఈ ఆటలో 2011లో ఒక వింత జరిగింది. కంపెనీ తన దుకాణంలో 'గార్డియన్ కబ్' అనే రెక్కల సింహపు పిల్లను 10 డాలర్లకు అమ్మింది. అంతకు ముందు దుకాణంలో కొన్న పిల్లలను వేరేవారికి ఇవ్వడానికి వీలుండేది కాదు. దీన్ని మాత్రం ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కొన్నవారు దాన్ని పెంపకానికి తీసుకున్నాక ఇక చేయి మారదు. ఫలితం ఏమిటంటే, డబ్బున్నవారు 10 డాలర్లు పెట్టి పిల్లను కొని, వేలంశాలలో అమ్మి ఆట నాణేలు సంపాదించారు. డబ్బు లేనివారు గంటల తరబడి ఆడి కూడబెట్టిన నాణేలు ఇచ్చి ఆ పిల్లను తెచ్చుకున్నారు. ఒకరి డబ్బు, ఇంకొకరి శ్రమ ఆ సింహపు పిల్ల మీదుగా చేతులు మారాయి.

మూడు: గుడ్లు, నమ్మకపు బేరం

మన తమ్ముళ్లు ఎక్కువగా అడిగేది రోబ్లాక్స్‌లోని 'అడాప్ట్ మి' వంటి ఆటల గురించి. 2017లో వచ్చిన ఈ ఆటలో 2019 జూన్ నుండి పెంపుడు జీవులు వచ్చాయి. గుడ్డు కొని పొదిగితే పిల్ల వస్తుంది. ఏ పిల్ల వస్తుందో ముందు తెలియదు. పగిలిన గుడ్డు ఆట డబ్బుల్లో 350. అందులో అత్యంత అరుదైన పిల్ల వచ్చే అవకాశం నూటికి ఒకటిన్నర. రాజగుడ్డు 1450. అందులో నూటికి 8.

లెక్క వేద్దాం. పగిలిన గుడ్లలో ఒక అరుదైన పిల్ల రావాలంటే సగటున 67 గుడ్లు కావాలి, అంటే 23 వేలు దాటుతుంది. రాజగుడ్లయితే సగటున పన్నెండున్నర చాలు, సుమారు 18 వేలు. చవకగా కనిపించే గుడ్డే ఖరీదైనదని తేలింది. ఇది కూడా సగటు మాత్రమే. పన్నెండు రాజగుడ్లు పొదిగిన వందమందిలో దాదాపు 37 మందికి ఒక్క అరుదైన పిల్ల కూడా రాదు. గణితం మాస్టారు సంభావ్యత చెప్పేటప్పుడు నిద్రపోయినవారు దీన్ని మరొకసారి చదవగలరు.

ఒకే రకం జీవులు నాలుగింటిని పూర్తిగా పెంచి కలిపితే మెరిసే 'నియాన్' జీవి ఒకటి వస్తుంది. అటువంటి నియాన్‌లు నాలుగు కలిపితే 'మెగా నియాన్'. అంటే ఒక్క మెగా నియాన్ కోసం 16 పిల్లలు కావాలి. అందుకే మార్పిడికి అంత గిరాకీ. 2019 హాలోవీన్ పండుగకు 'షాడో డ్రాగన్'ను 1000 రోబక్స్‌కు అమ్మి, పండుగ అయిపోగానే దుకాణంలోంచి తీసేశారు. కొత్తవి రావు, అడిగేవారు పెరుగుతారు, కాబట్టి దాని విలువ పెరిగింది.

గిరాకీ ఉన్నచోట మోసం కూడా చేరుతుంది. 'నమ్మకపు బేరం' అనేది అందరికీ తెలిసిన మోసం. "ముందు నీది ఇవ్వు, తర్వాత నాలుగు ఇస్తా" అంటారు. నిజానికి ఆటలోనే మార్పిడి పెట్టె ఉంది. ఇద్దరూ తమ జీవులను అందులో పెట్టాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి, మరోసారి చూసుకొని ఖాయం చేయాలి. ఆఖరి నిమిషంలో జీవిని మార్చేసే మోసాన్ని ఆపడానికే ఆ రెండోసారి చూసుకోవడం. పైగా అరుదైన జీవులను మార్చుకోవాలంటే మోసాల మీద చిన్న పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలని నియమం పెట్టారు. కాబట్టి పెట్టెలో ఒకేసారి పెట్టకుండా విడివిడిగా ఇచ్చుకుందామన్నాడంటే వాడి ఉద్దేశం అక్కడే తెలిసిపోతుంది.

నాలుగు: కౌలుకిచ్చిన జీవులు

'స్కాలర్‌షిప్' అన్న మాట వింటే మన హాస్టల్‌లో అందరూ చెవులు రిక్కిస్తారు. ఈ మాటకు ఒక ఆటలో వేరే అర్థం ఉంది. 'ఆక్సీ ఇన్ఫినిటీ' వియత్నాం కంపెనీ 2018లో తెచ్చిన ఆట. ఇందులో పోరాడాలంటే ఆక్సీలనే మూడు జీవులు కావాలి. మొదట్లో వాటిని ఆట బజారులో క్రిప్టో డబ్బుతో కొనాల్సి వచ్చేది. ఇక్కడ దిగుడు వేలం కూడా ఉండేది. అమ్మేవారు ఎక్కువ ధరతో మొదలుపెడితే, గడువు గడిచేకొద్దీ ధర దానంతటదే దిగుతుంది. సాయంత్రమయ్యేకొద్దీ కూరగాయల ధర తగ్గినట్టన్నమాట. ముందే కొంటే ఎక్కువ పెట్టాలి, ఆగితే ఇంకొకరు ఎగరేసుకుపోతారు.

2021లో కొంతకాలం మూడు ఆక్సీలకు వందల డాలర్లు అయ్యేది. కరోనా వల్ల పనులు పోయిన ఫిలిప్పీన్స్ పేదలకు అంత డబ్బెక్కడిది? అప్పుడు ఆక్సీలున్నవారు వాటిని ఇతరులకు ఆడుకోవడానికిచ్చి, వచ్చిన ఆదాయంలో వాటా తీసుకోవడం మొదలుపెట్టారు. ఆడేవారిని 'స్కాలర్' అన్నారు. మన ఊరి మాటల్లో చెప్పాలంటే అతను కౌలుదారు. భూమి ఒకరిది, చెమట ఒకరిది.

ఆడితే వచ్చే టోకెన్ 2021 జూలైలో సుమారు 35 సెంట్లు పలికింది. 2022 మధ్యకు ఒక సెంటు కన్నా తక్కువకు పడిపోయింది. కారణం కష్టమైనది కాదు. జీవులు పిల్లలను పెట్టి పెరుగుతూనే ఉన్నాయి, టోకెన్లు పుడుతూనే ఉన్నాయి. వాటిని కొనడానికి కొత్తవారు రావడం తగ్గింది. పాతవారికి వచ్చే ఆదాయం కొత్తవారు తెచ్చే డబ్బే అయినప్పుడు, కొత్తవారు ఆగిన రోజున ఆదాయం ఆగుతుంది. దీనికి తోడు 2022 మార్చిలో ఆ ఆటకు చెందిన రోనిన్ నెట్‌వర్క్ నుండి దొంగలు 60 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన సొమ్ము కాజేశారు. అది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పనేనని అమెరికా ఎఫ్‌బీఐ ఏప్రిల్‌లో ప్రకటించింది. ఒక ఉద్యోగికి దొంగ ఉద్యోగపు ఆశ చూపి లోపలికి దూరారని తర్వాత వార్తలు వచ్చాయి. ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెట్టే అన్నలు ఈ ముక్క గమనించాలి.

మేము తెలుసుకున్న జాగ్రత్తలు

1. మార్పిడి పెట్టె బయట ఏ జీవినీ ఇవ్వవద్దు. "ముందు నీది" అన్నవాడితో బేరమే వద్దు.

2. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. అమ్మానాన్నల ఫోన్‌లో వాళ్ల బ్యాంకు ఖాతా కూడా ఉంటుందని మరచిపోవద్దు.

3. కొనేముందు లెక్క వేయండి. శాల కోత ఎంత, అవకాశం నూటికి ఎంత, నిజంగా ఎంత పడుతుంది?

4. ఆట జీవులను బయట నిజమైన డబ్బుకు అమ్మడం చాలా ఆటల్లో నియమాలకు విరుద్ధం. పట్టుబడితే ఖాతానే మూసేస్తారు.

5. ఆడితే సంపాదన అన్నవారిని ఒక్క ప్రశ్న అడగండి: ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది? జవాబు లేకపోతే అది మన జేబే.

6. డబ్బు పోతే భయపడి దాచవద్దు. వెంటనే పెద్దలకు చెప్పి 1930 నంబరుకు ఫోన్ చేయించండి. ఆలస్యమైనకొద్దీ డబ్బు దొరకడం కష్టం.

ఆటలు ఆడవద్దని మేము చెప్పడం లేదు. మేమూ క్యారమ్స్ కోసం వార్డెన్ గారితో తిట్లు తిన్నవాళ్లమే. ఇచ్చిపుచ్చుకోవడంలో, బేరమాడడంలో తెలివి పెరుగుతుంది. కానీ మన చేతిలోని వంద రూపాయల వెనుక ఇంటి దగ్గర ఒకరి కూలి ఉంది. అది గుర్తుంటే చాలు.

ఆ తమ్ముడి డ్రాగన్ పిల్ల తిరిగి రాలేదు. వాడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇంట్లో తెలిస్తే కొడతారని ఎవరికీ చెప్పుకోలేదు. ఆ వారం వాడి పక్కన కూర్చుని అడగనందుకు మేము ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు ఇటువంటి ప్రశ్నతో వస్తే వాడే కూర్చోబెట్టి చెబుతున్నాడు. మీ పక్క మంచం తమ్ముడు కూడా ఏదో ఒకరోజు అడుగుతాడు. అప్పుడు మాలాగా నవ్వి పంపించేయకండి.