కోట కడుతున్నారా? ముక్కలు లెక్కపెట్టుకోండి

దసరా సెలవుల్లో మా అబ్బాయికి గోల్కొండ చూపించాం. గండిమైసమ్మలోని మా ఫ్లాట్‌కు తిరిగి రాగానే లెగో డబ్బా హాల్లో కుమ్మరించి కోట మొదలుపెట్టాడు. ఫోను పక్కన పడేశాడు కదా అని మేమూ సంతోషించాం. మూడో రోజు చూస్తే పది నెలల పాప పెదాల మధ్య ఎర్రటి ముక్క! కొస బయటికే కనిపిస్తోంది కాబట్టి తీయగలిగాం. డాక్టర్నయి ఉండీ నా కాళ్లు చల్లబడ్డాయి.

కోట మాన్పించలేదు. కట్టే పద్ధతి మార్చాం.

వరుసకు 16 గుబ్బలుండే చిన్న పలకలు తీసుకోండి. ఒక్కోటి సుమారు 13 సెంటీమీటర్లు. ఒక పలక మీద దర్వాజా, ఒకదాని మీద బురుజు, ఇంకోదాని మీద గోడ. పలక అంచుకు వచ్చేసరికి గోడ ఎత్తు, అది మొదలయ్యే గుబ్బ అన్నింటికీ ఒకేలా ఉండాలి. అప్పుడు ఏ పలకను దేని పక్కన పెట్టినా అతుకుతుంది. గోల్కొండకు 87 బురుజులు, 8 దర్వాజాలు. మీకు నాలుగు బురుజులు, ఒక దర్వాజా చాలు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తాయి కదా, మావాడు తన దర్వాజా దగ్గరా కొట్టి చూశాడు!

మావాడికి పలకకు అరగంట పడుతుంది. హోంవర్కు తర్వాత ఒకటి పూర్తి చేసి, పలకతో సహా బీరువా పైఅరలో పెట్టేస్తాడు. కోటంతా కలిపేది ఆదివారం, పాప నిద్రపోయాకే. డబ్బా మూత లోపల ముక్కల లెక్క రాసి అతికించాం. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క తప్పనిసరి. వెలిగే ముక్కలైతే కొనకండి. వాటిలోని బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే పుండు పడుతుంది.

మింగిన ముక్క కడుపులోకి దిగితే చాలావరకు మలంతో వచ్చేస్తుంది. 2018లో ఆరుగురు పిల్లల వైద్య నిపుణులు లెగో బొమ్మ తలల్ని మింగి మరీ పరీక్షించుకున్నారు! సగటున 1.71 రోజుల్లో బయటపడ్డాయి. ఒకాయనది మాత్రం దొరకనేలేదు. (మీరు ప్రయత్నించకండి.)

భయమంతా శ్వాసనాళంతోనే. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు ఆగిపోతే మాత్రం క్షణం ఆలస్యం వద్దు. ఏడాదిలోపు బిడ్డను ముంజేతిపై బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపుపై ఐదుసార్లు చరచండి. వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కండి. ముక్క వచ్చేదాకా ఇలాగే మార్చి మార్చి చేయండి. ఏడాది దాటితే వీపుపై ఐదు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుపైన లోపలికి, పైకి ఐదు నొక్కులు. ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. కనిపించని ముక్క కోసం గొంతులో వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డ స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఇంకోటి. ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై తేరుకున్న బిడ్డకు తర్వాత దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే ముక్క ఊపిరితిత్తుల దారిలోనే ఉండొచ్చు. ప్లాస్టిక్ సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించదు. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా, లెక్కలో ఏ ముక్క తగ్గిందో డాక్టరుకు చెప్పండి. అలాంటిదే ఇంకోటి ఉంటే జేబులో వేసుకుని వెళ్లండి.