శక్తి సన్నగిల్లిన శిశువులు – ఇన్‌ఫ్లుయెంజా జ్వరము

గుమ్మిడిపూండి చెన్నపట్టణమునకు ఉత్తరమున, గూడూరు పోవు రైలుమార్గముపై నున్న ఊరు. ఇచట పెక్కు ఇండ్లలో మాట తెలుగు. వైద్యుడు చెప్పునది తమిళము. ఆయన వ్రాసియిచ్చు చీటి ఆంగ్లము. రక్తపు కేన్సరుకు చికిత్స పొందుచునే బడికి మరలివచ్చిన నాలుగవ తరగతి బాలిక తల్లి యొకనాడు అట్టి చీటిని నా చేతికిచ్చి, "సార్, పక్క పిల్లకు జలుబు చేస్తే మా పాపను ఇంట్లోనే ఉంచమంటారా?" అని యడిగెను. ఒక్కమాటలో బదులు చెప్పజాలనైతిని. పిదప వైద్యుల నడిగియు, గ్రంథములు చదివియు గ్రహించినదానిని ఇచట విన్నవించుచున్నాను.

జలుబును ఇన్‌ఫ్లుయెంజాను ఒకే గాటన కట్టుట మనలో పరిపాటి. అది సరికాదు. 1918 జూనులో బొంబాయి రేవున ప్రవేశించి ఈ దేశమున కోటికి పైగా ప్రాణములు బలిగొన్నది ఇన్‌ఫ్లుయెంజాయే. దాని వైరసు ఉపరితలమందలి మాంసకృత్తులు ఏటేట కొంచెము కొంచెముగా మారుచుండును. కావున నిరుటి జ్వరము వలన కలిగిన రక్షణ ఈయేడు చాలదు. ఐనను ఆరోగ్యవంతుడగు బాలుని తెల్లకణములు వైరసు సోకిన కణములను వెదకి చంపును. వారము దినములలో వాడు మరల ఆటలకు పోవును.

ఆ తెల్లకణములే కొరవడిన బిడ్డ గతి వేరు. మూత్రపిండవ్యాధికై స్టీరాయిడులు దీర్ఘకాలము వాడువారు, మూలుగ మార్పిడి పొందినవారు, పుట్టుకతోనే నిరోధకశక్తి లోపించినవారు ఈ కోవలోనివారే. రక్తపు కేన్సరు విషయమున మనము తలపవలసిన ఆంధ్రు డొకడు గలడు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు పరిశోధనలు నడపెను. అచట రూపొందిన అమినోప్టెరిన్‌తో ఈ వ్యాధి గల పిల్లలకు తాత్కాలికముగా నెమ్మదించినదని సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. వడివడిగా విభజనమొందు కణములను ఇట్టి మందులు అణచును; రోగకణమేదో, కాపుకణమేదో అవి యెరుగవు. ప్రాణము నిలుపు మందే ఇతర రోగములకు తలుపు తెరచుచున్నది.

అట్టి బిడ్డ శరీరమున వైరసు వారములకొలది నిలువవచ్చును. అంతకాలమును అది యితరులకు సోకగలదు. మందునకు లొంగని రూపమును దాల్పవచ్చును. ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియా కలిగించును. దానిపై బాక్టీరియా చేరును. కేన్సరు చికిత్సయు వాయిదా పడును. జ్వరము తీవ్రముగా లేదని ఏమరరాదు. నూరు డిగ్రీల నాలుగు పాయింట్లు దాటినచో, రాత్రియైనను, చికిత్స చేయు ఆసుపత్రికి పోవలెను. ఇంటనున్న జ్వరపు మాత్ర ముందే వేసినచో వేడి కప్పబడి వైద్యుని త్రోవ తప్పించును. ఆస్పిరిన్ ఎంతమాత్రము కూడదు. ఒసెల్టామివిర్ తొలి రెండు దినములలో మిక్కిలి గుణకారి. ఇట్టి పిల్లలకు ఆలస్యమైనను ఇత్తురు, పరీక్షాఫలితమునకై ఆగరు.

ఆరునెలలు నిండిన బిడ్డకు నిర్జీవ టీకా ఏటేట వేయవచ్చును. తొమ్మిదేండ్ల లోపువారికి మొదటిసారి నాలుగు వారముల యెడముతో రెండు మోతాదులు. ఏ దినమున వేయవలెనో చికిత్స ననుసరించి వైద్యుడే నిర్ణయించును. మన ప్రాంతమున ఈశాన్యపు వానలకు ముందే యడుగుట మంచిది. ముక్కున చల్లు సజీవ టీకా వీరికి నిషిద్ధము. నిర్జీవ టీకాయు వీరియందు పూర్తిగా పట్టదు. అందుచేత తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అవ్వాతాతలు టీకా వేయించుకొని బిడ్డచుట్టు కంచెగా నిలువవలెను.

బడియు ఆ కంచెలోనిదే యని నా యభిప్రాయము. నూటికి నూరు హాజరుకు బహుమతి యిచ్చు ఆచారమును నేను మెచ్చను. దానికై దగ్గుచున్న పిల్లలును బడికి వచ్చుచున్నారు. వైద్యుడు బడికి అనుమతించిన దినములలో పాపను పంపుమనియు, తరగతిలో ఎవరికైన జ్వరము తగిలినచో నాడే కబురు చేయుదుననియు ఆ తల్లికి చెప్పితిని. బాలిక చోటు కిటికీ ప్రక్కకు మార్చితిమి. ఆమె వైద్యుని చీటిని తెలుగున వ్రాసి తల్లికిచ్చితిని. ప్రతి యొకటి నాయొద్దను గలదు.